మా లంకకు నీళ్లొచ్చాయని రేడియోలో చెప్పడానికి ఎవరి అనుమతి కావాలి?

లంకవాసి · శుక్రవారం, రాత్రి 9.14

మాది గోదావరి మధ్యనున్న ఒక లంక. మా నాన్నగారికి చెవి కాస్త మందగించింది, చూపు అంతకంటే మందగించింది. ఫోనులో అక్షరాలు కనపడవు. అందుకని పోయిన వారం రావులపాలెంలో ఒక చిన్న రేడియో కొని ఇచ్చాను. రెండు రోజులు ముల్లు అటూ ఇటూ తిప్పి, మూడో రోజు పొద్దున నన్ను పిలిచి అడిగారు: "ఈ ఎఫ్‌ఎం పిల్లలు పొద్దున్నుంచి రాత్రి దాకా మాట్లాడుతూనే ఉన్నారు, ఒక్క వార్తయినా చెప్పరేమిరా? ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం ఎంతో వీళ్లకు తెలియదా, తెలిసీ చెప్పరా?"

వెతికి చూస్తే తెలిసింది, తెలిసినా చెప్పకూడదట. ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లు సొంతంగా వార్తలు చదవడానికి వీల్లేదు. ఆకాశవాణి బులెటిన్‌ను ఒక్క అక్షరం మార్చకుండా వేసుకోవచ్చు, అంతవరకే. టీవీలో రోజంతా వార్తలే. పేపర్లకు లెక్క లేదు. వాట్సాప్ సంగతి చెప్పనక్కరలేదు, నిన్న కూడా ఎవరో 1986 నాటి వరద ఫొటో పెట్టి "ఇప్పుడే అందిన దృశ్యం" అని పంపారు. వీటన్నిటినీ వదిలేసి రేడియో నోటికి మాత్రమే తాళం ఎందుకు? ఇది భావప్రకటన స్వేచ్ఛకు అడ్డు కాదా? తెలిసినవాళ్లు చెప్పండి.

కాకినాడ వకీలు · రాత్రి 9.52

లంకవాసి గారూ, మీ నాన్నగారి ప్రశ్నకు జవాబు 1885లో ఉంది. ఆ ఏడాది వచ్చిన టెలిగ్రాఫ్ చట్టం తంతి పెట్టే హక్కంతా ప్రభుత్వానిదే అంది. తరవాత రేడియో పుట్టి ఆ గొడుగు కిందికే చేరింది. పత్రికకు పేరు నమోదు చేయించుకుంటే చాలు. రేడియోకు ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. అనుమతి పత్రం నిండా షరతులుంటాయి, షరతు దాటితే అనుమతి పోతుంది. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది కానీ తాళంచెవి మాత్రం చేతులు మారలేదు.

ఇక షరతులు. ప్రైవేటు స్టేషన్లు ఆకాశవాణి కోడ్‌కు లోబడి ఉండాలి. మతాల మీద, సమాజ వర్గాల మీద దాడి కూడదు. అశ్లీలం, పరువునష్టం, కోర్టు ధిక్కారం, హింసకు ప్రేరేపణ కూడదు. ఇంతవరకు ఎవరికీ పేచీ ఉండదు. మిత్రదేశాలను విమర్శించకూడదని కూడా ఉంది. ఏ నెలలో ఏ దేశం మిత్రదేశమో ఆర్జేలకు ఎవరు చెబుతారో నాకు తెలియదు. పార్టీ పేరెత్తి దాడి చేయకూడదు. కేంద్రాన్ని గానీ ఏ రాష్ట్రాన్ని గానీ శత్రుభావంతో విమర్శించకూడదు. వార్తల నిషేధం వీటన్నిటికీ అదనం.

అందులో ఒక చిన్న కిటికీ తెరిచారు. 2011 నాటి మూడో దశ విధానం ప్రకారం ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు, ఉద్యోగ అవకాశాలు వంటివి వార్తల లెక్కలోకి రావు. కరెంటు, మంచినీళ్లు, ప్రకృతి వైపరీత్యాలు, ఆరోగ్య హెచ్చరికలు కూడా చెప్పుకోవచ్చు. అయితే మెలిక ఉంది. ఇవి స్థానిక పరిపాలన యంత్రాంగం ఇచ్చిన సమాచారమై ఉండాలి. అంటే గోదావరి మీ కళ్ల ముందే గట్టు దాటుతున్నా, దాటిందని పైనుంచి కాగితం రావాలి.

పాత రేడియో · రాత్రి 10.31

ఈ చర్చలో అందరికంటే పెద్దవాణ్ని నేనే అనుకుంటాను. మా చిన్నతనంలో రేడియో వినడానికి కూడా లైసెన్సు ఉండేది. నవ్వకండి. పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. మా ఇంట్లో ఆ పుస్తకం ట్రంకుపెట్టెలో, భూమి దస్తావేజుల పక్కన ఉండేది. పోస్టుమాస్టరు గారు దారిలో కనపడి "ఈ ఏడాది కట్టలేదండీ" అంటే మా నాన్నగారు తలదించుకునేవారు. 1980లలో ఆ బాధ తీసేశారు.

వినిపించే సంగతి చూడబోతే, నియంత్రణ అంటే రాజకీయమొక్కటే అనుకోకండి. హార్మోనియాన్ని నిషేధించారు! 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు ఆకాశవాణిలో హార్మోనియం మోగడానికి వీల్లేదు. శ్రుతిలో మన సంగీతానికి పొసగదని పెద్దల తీర్పు. పద్యనాటకాలు పుట్టి పెరిగిన ఈ గోదావరి జిల్లాల్లో, హార్మోనియం పెట్టె లేనిదే తెర లేవని చోట, ఆ మాట ఎవరికి చెప్పాలి? తరవాత కేస్కర్ గారు సమాచార ప్రసార మంత్రిగా ఉన్నప్పుడు సినిమా పాటల మీద పడ్డారు. ఫలితం ఏమిటంటే జనం ముల్లు రేడియో సిలోనుకు తిప్పుకున్నారు. మా పెరటి కొబ్బరిచెట్టుకు ఏరియల్ తీగ కట్టింది అందుకే. చివరికి 1957లో సినిమా పాటలకు చోటిస్తూ వివిధభారతి పెట్టి ఢిల్లీ దిగివచ్చింది. తలుపు మూస్తే గాలి కిటికీలోంచి వస్తుందని వాళ్లకు తెలియడానికి అయిదేళ్లు పట్టింది.

ఎమర్జెన్సీ చెప్పనా? 1975 జూన్ 26 పొద్దున ఇందిరాగాంధీ గారి గొంతు రేడియోలో విన్నాం. మర్నాడు నుంచి పేపర్లలో ఖాళీలు కనపడ్డాయి, రేడియోలో ఖాళీలు కూడా వినపడలేదు. అంతా సాఫీగా సాగింది. కిశోర్ కుమార్ సర్కారు మాట వినలేదని ఆయన పాటలు ఆపేశారని మాకు చాలా కాలానికి గానీ తెలియలేదు. పేపరులో కోత పెడితే చోటు తెల్లగా మిగులుతుంది. రేడియోలో కోత పెడితే ఇంకో పాట వేస్తారు.

ఎడిసన్ వాస్తవ్యుడు · శనివారం, ఉదయం 6.05

అమలాపురం వాణ్ని, ముప్పై ఏళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాను. ఇక్కడ రేడియోలో ఎవరైనా ఏదైనా అనొచ్చని మన వాళ్లు అనుకుంటారు. పూర్తిగా నిజం కాదు.

1973 అక్టోబరు 30 మధ్యాహ్నం న్యూయార్క్‌లో ఒక స్టేషన్ జార్జ్ కార్లిన్ అనే హాస్యగాడి బూతుల ప్రసంగం వేసింది. కొడుకుతో కారులో వెళ్తున్న తండ్రి విని ఫిర్యాదు చేశాడు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1978లో అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు తీర్పు చెప్పారు. రేడియో పిలవకుండానే ఇంట్లోకి వస్తుంది, పిల్లలు వింటారు, కాబట్టి వేళ చూసుకుని మాట్లాడాలని సారాంశం. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా అసభ్యత కూడదన్న నియమం ఇప్పటికీ ఉంది.

ఇంకోటి ఉండేది. 1949 నుంచి 1987 దాకా, వివాదం ఉన్న విషయం మీద ఒక పక్షం మాట వినిపిస్తే రెండో పక్షానికీ చోటివ్వాలనే నియమం. పెన్సిల్వేనియాలో రెడ్ లయన్ అనే ఊళ్లో ఒక చిన్న స్టేషన్ దీని మీద పోరాడి 1969లో ఓడిపోయింది. తరంగాలు కొన్నే ఉన్నాయి, అడిగేవాళ్లు ఎక్కువ, కాబట్టి దొరికినవాడు అందరి తరఫునా వాడాలని కోర్టు చెప్పింది. 1987లో ఆ నియమం తీసేశాక రేడియోలో రోజంతా ఒకవైపే మాట్లాడేవాళ్లు పుట్టుకొచ్చారు. దాని ఫలితం మంచిదో చెడ్డదో మా వీధిలోనే ఏకాభిప్రాయం లేదు. కానీ ఒక్కటి గమనించండి. ఇంత నియంత్రణలోనూ "మీ ఊరి వార్త చెప్పకు" అని ఇక్కడ ఎవరూ అనలేదు.

లంకవాసి · ఉదయం 7.20

తరంగాలు కొన్నే ఉన్నాయంటారా? మా నాన్నగారి రేడియోలో 88 నుంచి 108 దాకా తిప్పితే నాలుగైదు చోట్ల తప్ప అంతా గరగరే. కరువు తరంగాలకా, అనుమతులకా?

కొబ్బరిమట్ట · ఉదయం 8.02

అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి నేను అపశ్రుతి పలుకుతాను. హార్మోనియం అనుకోండి.

నాకు ఈ నిషేధం పూర్తిగా తప్పనిపించడం లేదు. రువాండా గుర్తుందా? 1993లో అక్కడ ఒక ప్రైవేటు రేడియో మొదలైంది. సరదా పాటలు, వీధి భాష, జోకులు, కుర్రకారుకు తెగ నచ్చింది. మరుసటి ఏడాది అదే స్టేషన్ టుట్సీ తెగవాళ్లు ఎవరెక్కడ దాక్కున్నారో చెప్పి చంపించింది. ఆ స్టేషన్ పెట్టినవాళ్లకు 2003లో రువాండా కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన ట్రిబ్యునల్ శిక్ష వేసింది. శిక్ష పడే సరికి చచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. "ముందు మాట్లాడనివ్వండి, తప్పయితే తరవాత చూద్దాం" అనేవాళ్లు ఆ "తరవాత" ఎంత దూరంలో ఉంటుందో కూడా చెప్పాలి. మన దగ్గర పరువునష్టం కేసు తేలేలోగా కొబ్బరి మొక్క కాపుకొస్తుంది.

అంత దూరం ఎందుకు, మన సంగతే చూడండి. ఈ డెల్టాలో రేపు ఎఫ్‌ఎం వార్తలకు అనుమతి వస్తే స్టేషన్లు కొనేది ఎవరు? మీరూ నేనా? చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్నవాళ్లు. చెరువు ఉప్పునీళ్లు పంట కాలువలోకి వదిలారని రైతు గోల పెడితే, ఆ వార్త ఆ చెరువు ఆసామి రేడియోలో వస్తుందా? పైగా రేడియో ఏమీ రాయదు. గాలిలో అని గాలిలో కలిసిపోతుంది. పేపరయితే కత్తిరించి దాచుకుంటాం.

కాకినాడ వకీలు · ఉదయం 8.40

మట్ట గారూ, మీ వాదన బలమైనదే. ఆసామి సంగతి పేపరుకూ టీవీకీ కూడా వర్తిస్తుంది కదా, అక్కడ నిషేధం లేదేం? రాజ్యాంగం 19(1)(ఎ) మాట్లాడే హక్కు ఇచ్చింది. 19(2) ఏ కారణాలతో దాన్ని కట్టడి చేయవచ్చో పేర్లు పెట్టి చెప్పింది. దేశ భద్రత, శాంతిభద్రతలు, మర్యాద, పరువునష్టం, కోర్టు ధిక్కారం, నేర ప్రేరేపణ లాంటివి. ప్రజా ప్రయోజనం అనే గుండుగుత్త మాట ఆ జాబితాలో లేదని 1961లోనే ఒక పత్రికల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు చెప్పిన రువాండా ఈ జాబితాలో నిక్షేపంగా ఇముడుతుంది. "ఏరు దాటే కాజ్‌వే రోడ్డు మీదికి నీళ్లొచ్చాయి" అనే మాట ఎందులో ఇముడుతుంది?

ఇక తరంగాలు ఎవరివి అన్నది 1995 ఫిబ్రవరి 9న తేలింది. క్రికెట్ కోసం తేలింది, అది మన దేశం ప్రత్యేకత. బెంగాల్ క్రికెట్ సంఘం 1993 హీరో కప్ ప్రసార హక్కులు విదేశీ కంపెనీకి అమ్ముకుంది, దూరదర్శన్‌తో గొడవ వచ్చింది. కోర్టు చెప్పింది ఏమిటంటే తరంగాలు ప్రజల ఆస్తి, సర్కారు సొత్తు కాదు. ప్రభుత్వంతో సంబంధం లేని స్వతంత్ర సంస్థ వాటిని నియంత్రించాలి. ఆ తీర్పులో జస్టిస్ జీవన్ రెడ్డి గారు విడిగా రాశారు, మన తెలుగువారే. ప్రసార వ్యవస్థ సర్కారు గుత్తాధిపత్యంలో ఉండకూడదన్నారు, డబ్బున్నవాళ్ల గుత్తాధిపత్యంలోకి పోవడమూ మంచిది కాదన్నారు. మీ రొయ్యల చెరువు భయం ఆయనకూ ఉందన్నమాట. కానీ దానికి ఆయన చూపిన మందు నిషేధం కాదు, స్వతంత్ర సంస్థ. మూడు దశాబ్దాలు దాటింది. తరంగాలకు అలాంటి సంస్థ ఇంకా పుట్టలేదు.

వార్తల నిషేధాన్ని సవాలు చేస్తూ కామన్ కాజ్ అనే సంస్థ 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. భద్రత ముఖ్యం, ఇన్ని స్టేషన్ల మాటల మీద నిఘా పెట్టే యంత్రాంగం లేదు, ఇదీ ప్రభుత్వం జవాబు. 2023 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గంటకు పది నిమిషాల మేర వార్తలు అనుమతించవచ్చని సిఫార్సు చేసింది. సిఫార్సు అంటే ఉత్తర్వు కాదు.

మైకు ముందు · ఉదయం 10.15

ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. కాజ్‌వే మాట రాగానే ఊరుకోలేకపోయాను.

నేను ఆరేళ్లు ఒక ఎఫ్‌ఎంలో ఆర్జేగా పనిచేశాను. పేరు అడగకండి. ఇప్పుడు తణుకులో పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నాను. 2022 జులై రెండో వారం, వరద ఇంకా మొదట్లో ఉంది. తరవాత ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది కానీ ఆ రోజుకు అంత వస్తుందని ఎవరం అనుకోలేదు. మధ్యాహ్నం షో నాది, శ్రోతలు ఫోను చేసి పాట కోరుకుంటారు. ఒక కుర్రాడు చేశాడు.

"అక్కా, పాట వద్దు. మాది కనకాయలంక. కాజ్‌వే మీదికి నీళ్లెక్కాయని నాన్న ఇప్పుడే చెప్పారు. పొద్దున పనులకు వెళ్లినవాళ్లు సాయంత్రం చాకలిపాలెం వైపు నుంచి బళ్ల మీద వస్తారు. పొద్దున బాగానే ఉంది కదా అని దిగిపోతారు. ఒక్కసారి చెప్పక్కా."

ఆ కాజ్‌వే చూడనివాళ్లకు చెబుతాను. దానికి పిట్టగోడ లేదు. మొదటి ప్రమాద హెచ్చరిక రాకముందే మునుగుతుంది. నీళ్లు మోకాలి లోతే ఉంటాయి కానీ ఎర్రనీళ్లు, రోడ్డు అంచు ఎక్కడో కనపడదు. బండి చక్రం జానెడు పక్కకు పోతే అంతే.

కాల్ ప్రసారంలోకి ఇవ్వలేదు, ముందు రికార్డు చేసి వేస్తాం. అద్దం అవతల మా ప్రోగ్రాం హెడ్ చెయ్యి అడ్డంగా ఊపారు. "ఇది వార్త. అధికారుల నుంచి వచ్చిందా?" రాలేదు. ఎవరు పంపాలి అని మొదలయింది. ఏప్రిల్‌లోనే జిల్లాలు విడగొట్టారు. మా స్టూడియో ఒక జిల్లాలో ఉంది. కాజ్‌వేకు చాకలిపాలెం చివర కోనసీమ జిల్లా. లంక చివర పశ్చిమగోదావరి జిల్లా. నియమంలో ఉన్న "స్థానిక పరిపాలన" ఈ మూడింట్లో ఏది? కంట్రోల్ రూముల నంబర్లు తిప్పాం. ఒకటి ఎంగేజ్. ఇంకోచోట ఎత్తినాయన మర్యాదస్తుడే, "మాకు రాతపూర్వకంగా రాగానే మీకు పంపిస్తానమ్మా" అన్నారు. టైము రెండున్నర. కాగితం వచ్చేసరికి అయిదు నలభై.

మా హెడ్‌ను నేను తప్పు పట్టను. స్టేషన్ మూతపడితే పాతిక మంది రోడ్డున పడతారు.

ట్యూషన్ పిల్లలు వచ్చారు, మిగతాది తరవాత.

ఎడిసన్ వాస్తవ్యుడు · ఉదయం 10.22

అమ్మా, ఇక్కడ ఆపేస్తే ఎలా? ఎవరికీ ఏమీ కాలేదు కదా?

ముమ్మిడివరం మాస్టారు · ఉదయం 11.10

నియంత్రణ ఎంత చిత్రంగా పనిచేస్తుందో ఒక ఉదాహరణ. ఎన్నికలప్పుడు గుర్తింపు పొందిన పార్టీలకు ఆకాశవాణి, దూరదర్శన్‌లలో ఉచిత సమయం ఇస్తారు, 1977 నుంచీ ఉన్న పద్ధతి. ప్రసంగ పాఠం ముందే ఇవ్వాలి, వాళ్లు చూసి సరే అనాలి. 2024లో కీర్తిశేషులు సీతారాం ఏచూరి గారి ఇంగ్లీషు పాఠంలో కొన్ని మాటలకు అభ్యంతరం చెప్పి తీయించారు. అదే ప్రసంగం హిందీ అనువాదానికి మాత్రం అభ్యంతరం రాలేదని ఆయనే చెప్పారు. ఆయనది కాకినాడ కుటుంబం. తెలుగులో కూడా ఒక పాఠం ఇచ్చి ఉంటే ఏం మిగిలేదో చూడాలని నాకు కుతూహలం.

పంట కాలువ · ఉదయం 11.25

ఆ తీయించింది ఎవరో అందరికీ తెలుసు. [ఒక వాక్యం తొలగించబడింది — నిర్వాహకుడు]

నిర్వాహకుడు · ఉదయం 11.31

పంట కాలువ గారూ, మన నియమాల్లో నాలుగోది, పార్టీల పేర్లతో దూషణ వద్దు. వాక్యం తీశాను. చర్చ బాగా సాగుతోంది, చెడగొట్టవద్దు.

పంట కాలువ · ఉదయం 11.33

భావప్రకటన స్వేచ్ఛ మీద చర్చలో కోత!

పాత రేడియో · ఉదయం 11.40

నిర్వాహకులు పాట వేయకుండా చోటు ఖాళీగా వదిలారు. అదే పదివేలు.

కాకినాడ వకీలు · ఉదయం 11.52

నాలుగో నియమం ఆకాశవాణి కోడ్‌లోంచి దింపినట్టే ఉంది. అయితే తేడా ఉంది. పంట కాలువ గారికి ఈ వేదిక నచ్చకపోతే సాయంత్రానికల్లా సొంతంగా ఇంకోటి పెట్టుకోవచ్చు. రేడియో అలా పెడితే పోలీసులు వస్తారు. 1942లో ఉషా మెహతా గారు కాంగ్రెస్ రేడియో నడిపితే మూడు నెలలు తిరక్కుండా పట్టుకున్నారు. అది తెల్లవాళ్ల కాలం.

జహీరాబాదు కోడలు · మధ్యాహ్నం 1.05

అందరూ ప్రైవేటు ఎఫ్‌ఎంల గురించే మాట్లాడుతున్నారు. మా పుట్టింటి వైపు సంగతి చెబుతాను. నేను రాజోలు కోడలిని, పుట్టింది జహీరాబాదు దగ్గర. అక్కడ మాచ్‌నూరులో సంఘం రేడియో ఉంది, 90.4. దళిత మహిళలు నడిపే స్టేషన్. జొన్నలు, కొర్రలు, విత్తనాలు, పాటలు, మా యాసలోనే. 2008 అక్టోబరు 15న గాలిలోకి వచ్చింది. కానీ స్టూడియో, టవరు అంతకు పదేళ్ల ముందు నుంచే సిద్ధంగా ఉన్నాయి. అనుమతి లేదు. అప్పటిదాకా కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం సమావేశాల్లో టేప్ రికార్డరు పెట్టి వినిపించేవాళ్లు. 2006 దాకా ఇలాంటి సామాజిక (కమ్యూనిటీ) రేడియోకు అనుమతి చదువుల సంస్థలకే, ఊరి సంఘాలకు కాదు. టవరు కింద కూర్చుని టేపు వినడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇప్పటికీ వాళ్లూ సొంత వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తలను తమ భాషలోకి మార్చుకునే వీలు మాత్రం 2017లో ఇచ్చారు. మట్ట గారూ, మీరు అడిగిన "స్టేషన్ కొనేది ఎవరు" అన్న ప్రశ్నకు మా వాళ్లు ఒక జవాబు. లాభం కోసం పెట్టింది కాదు, ట్రాన్స్‌మిటర్ వంద వాట్లు, ఎవరు మాట్లాడుతున్నారో ఊరందరికీ తెలుసు. తప్పు చెబితే మర్నాడు బావి దగ్గర అడుగుతారు. లంకల్లో అలాంటిది ఒకటి ఎందుకు లేదు?

కొబ్బరిమట్ట · మధ్యాహ్నం 1.30

అమ్మా, మీ మాట ఒప్పుకుంటాను. వంద వాట్ల స్టేషన్, లంకకు ఒకటి, పడవలవాళ్లు, రైతులు కలిసి నడిపేది అయితే వార్తలకు నేనూ సరే అంటాను. పెద్ద స్టేషన్ల విషయంలో నా అనుమానం నాకు ఉంది. వకీలు గారి స్వతంత్ర సంస్థ ముందు పుట్టనివ్వండి.

యానాం వంతెన · మధ్యాహ్నం 2.10

2022 మే నెల ఎవరూ గుర్తు చేయలేదు. కోనసీమ జిల్లా పేరు గొడవలో అమలాపురంలో ఇళ్లు తగలబెట్టాక ఇంటర్నెట్ ఆపేశారు, రోజుల తరబడి. ఇంటి నుంచి పని చేసే కుర్రాళ్లం లాప్‌టాప్‌లు పట్టుకుని ఎదుర్లంక దగ్గర గోదావరి ఒడ్డుకు వెళ్లాం, అవతల యానాం టవరు సిగ్నల్ కోసం. యానాం పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి వాళ్లకు నిషేధం లేదు. ఒడ్డున చెట్టు కింద ఇరవై మంది కూర్చుని మీటింగుల్లో మాట్లాడుతుంటే పడవవాళ్లు వింతగా చూశారు.

పుకార్లు ఆపాలని ఆపారు, కాదనను. కానీ పక్క వీధిలో ఏం జరుగుతోందో, బస్సులు నడుస్తున్నాయో లేదో, మందుల షాపు ఎప్పుడు తెరుస్తారో చెప్పే నోరు ఒక్కటి లేదు. ఊళ్లో ఒక నమ్మకమైన రేడియో గొంతు ఉండి ఉంటే ఆ పది రోజులు వేరేగా ఉండేవి. పుకారు పుట్టేది మాట ఎక్కువై కాదు, తెలిసిన గొంతు లేక.

పాత రేడియో · మధ్యాహ్నం 3.00

ఆకాశవాణిని ఎంత తిట్టినా దాని రుణం కూడా చెప్పాలి. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను. తెల్లారేసరికి మా తోటలో నిలబడిన చెట్టు లేదు. కరెంటు లేదు, ఫోను లేదు, రోడ్డు లేదు. టార్చిలైటు బ్యాటరీలు తీసి రేడియోలో వేసుకుని విజయవాడ కేంద్రం పెట్టాం. ప్రపంచం ఇంకా ఉందని ఆ గొంతు వల్లే తెలిసింది. కానీ మా పక్క ఊరు ఉందో లేదో మాత్రం ఆ గొంతు చెప్పలేకపోయింది. విజయవాడ నుంచి అది కనపడదు కదా.

మైకు ముందు · రాత్రి 8.47

పొద్దున సగంలో ఆపినందుకు క్షమించండి. ఇన్ని మెసేజీలు వస్తాయనుకోలేదు.

ఆ రోజు రెండున్నర నుంచి అయిదు నలభై దాకా నా షోనే. వార్త చెప్పకూడదు. పాట అంకితం ఇవ్వొచ్చు, రోజూ చేసే పనే. పాట వేసే ముందు ఇలా అన్నాను: "ఈ పాట కనకాయలంక నుంచి ఒక నాన్న కోరుకున్నారు. చాకలిపాలెం వైపు నుంచి ఇంటికి వస్తున్న వాళ్లందరికీ అంకితం. పడవ వచ్చేదాకా ఒడ్డునే ఉండమని, బండి నీళ్లలో దింపవద్దని వాళ్ల నాన్న మాట." పాట అయ్యాక ఇంకో పాట, ఇంకో అంకితం, "కనకాయలంక నుంచి ఒక అమ్మ". ఆ తరవాత ఒక మేనమామ, ఒక బామ్మ. నాలుగింటికల్లా ఆ లంకలో ఉన్న చుట్టరికాలన్నీ అయిపోయాయి.

మా హెడ్ అద్దం అవతల నుంచి మొదటి అంకితం విని లేచి నిలబడ్డారు. కాసేపు నన్నే చూశారు. తరవాత కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నారు.

ఎవరు విన్నారో, ఎవరు ఆగారో నాకు తెలియదు. ఆ రాత్రి అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు, అది మాత్రం తెలుసు. మర్నాడు ఆ కుర్రాడు ఫోను చేసి "అక్కా, మా మేనమామ లేరు, చనిపోయి చాలా కాలమైంది" అన్నాడు.

లంకవాసి · రాత్రి 8.55

మా నాన్నగారికి చదివి వినిపించాను. "అయితే పాటల మధ్య మాటలు జాగ్రత్తగా వినాలన్నమాట" అన్నారు.

కొబ్బరిమట్ట · రాత్రి 9.01

వకీలు గారూ, చట్టప్రకారం అది వార్తా, అంకితమా?

కాకినాడ వకీలు · రాత్రి 9.10

రికార్డింగు ఉందా అమ్మా?

మైకు ముందు · రాత్రి 9.12

లేదండీ. మా దగ్గర మూడు నెలలే ఉంచేవాళ్లు.

కాకినాడ వకీలు · రాత్రి 9.13

అయితే ఆ మెసేజీ నేను చదవలేదు.